ద్రాక్షతోట గట్టున చెప్పులు

ఫిబ్రవరి 2, సోమవారం

బ్యాగు సర్దేశాను. ప్రయాణం గురువారం. ఇప్పుడే ఎందుకే, అంటారీయన. ఉండబట్టక. పెళ్ళయి ఈ ఊరొచ్చాక నేను చూసిన లోకం — తిరుపతి, విజయవాడ, ఒకసారి అరుణాచలం. ఇక బాపట్లకీ తెనాలికీ పోవడం ప్రయాణం కిందికి రాదు. ఇప్పుడు షిర్డీ, నాసిక్, త్ర్యంబకం... మధ్యలో ద్రాక్షతోటలు. 'గోదావరి లోయలో ద్రాక్షతోటల సందర్శన' అని టూర్ కాగితంలో చదివినప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు. తీగ పంట చేసేదాన్ని. ఇంకొకళ్ళ తీగ ఎలా ఉంటుందో చూడొద్దూ?

ఈ డైరీ ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చింది. మొదటి పేజీ నిండా పురుగుమందు డబ్బా బొమ్మ. పర్లేదు, నా రాతకి అదే దిష్టిబొమ్మ.

ఫిబ్రవరి 3, మంగళవారం

అసలు సంగతి కూడా రాసేసుకోవాలి. ద్రాక్షతోటలు ఒక వంక. అక్క వెళ్తోందని తెలిసి కదూ నేనూ పేరిచ్చింది.

అక్క అంటే నా తోడికోడలు రాజేశ్వరి. మా ఆకుతోటలో పైసగం వాళ్ళది, కిందిసగం మాది. ఇద్దరికీ ఒకే కాలవ, ఒకే నీళ్ళు. రెండేళ్ళ కిందట బావగారు పోయారు. అప్పటి నుంచి అక్క తోటలో కాలు పెట్టలేదు. పైసగం తమలపాకు కూడా మేమే చూస్తున్నాం, ఆకు కోసి అమ్మి తన భాగం తనకిస్తున్నాం. ఇప్పుడు రేపల్లె నుంచి ఒక రొయ్యల చెరువులాయన వచ్చి, ఆ పైసగం లీజుకిమ్మని వెంటపడుతున్నాడు. పైన ఉప్పునీళ్ళ చెరువు తవ్వితే కింద నా తోట బతుకుతుందా? ఊరికి దక్షిణాన తవ్వారు కదా ఒకటి. దాని పక్కన అరటితోట ఏమైందో రోజూ చూస్తూనే ఉన్నాం.

ఇస్తానని అక్క అనలేదు. ఇవ్వననీ అనలేదు. "టూర్ నుంచి వచ్చాక మాట చెబుతాను" అందట ఆయనతో. అంటే నాకున్న గడువు ఈ ప్రయాణమే. తిరిగొచ్చేలోపు తన మనసు తిప్పాలి.

ఈయన్ని మాట్లాడమంటే — "వదినతో నేనేం మాట్లాడతానే, అన్నయ్య ఉంటే వేరు" అని తువ్వాలు దులిపి భుజానేసుకుని వెళ్ళిపోయారు. మా ఇంట్లో మగాళ్ళ ధైర్యం ఆ తువ్వాలంత.

ఫిబ్రవరి 4, బుధవారం

జంతికలు, కారప్పూస, గోంగూర పచ్చడి. తడిగుడ్డలో తమలపాకులు — పొద్దున్నే కోసినవి, లేలేతవి. మన ఆకు మనతో ఉండాలి.

పక్కింటి సీతామాలక్ష్మి గోడ మీద నుంచి — "ద్రాక్షతోటల్లో వైను పోస్తారంట కదా పిన్నీ. వైన్స్ చూట్టానికి అంత దూరమెందుకు? రేపల్లె సెంటర్లో లేవా?"

రేపు ఈపాటికి రైల్లో ఉంటాను. నిద్రపట్టేలా లేదు.

ఫిబ్రవరి 5, గురువారం. రైల్లో

తెనాలి నుంచి టూర్ బస్సు, గుంటూరులో రైలు. అందరికీ ఎర్రటోపీలు పంచారు. గైడ్ మోహనరావు గారు మైకు మెళ్ళో వేసుకుని పుట్టినట్టున్నారు. "అమ్మలారా, అయ్యలారా... టోపీ తీసినవాళ్ళు తప్పిపోతారు. తప్పిపోయినవాళ్ళ చుట్టాలు నన్ను తిడతారు." అక్క టోపీని మడిచి సంచిలో పెట్టేసింది. నేను జడ మీద నుంచి బిగించాను. కిటికీ అద్దంలో చూసుకుంటే పెట్రోలు బంకులో పనిచేసేదానిలా ఉన్నాను. బావుంది.

రైలు కదలకముందే వేమూరు పిన్నిగారు పులిహోర డబ్బా మూత తీసేశారు. ఈవిడా ఆకుతోటల మనిషే. డెబ్బై దాటినా నోరు మాత్రం పదహారేళ్ళది. బాపట్ల మాస్టారు, రిటైరయిన లెక్కల మాస్టారు, స్టేషన్ వచ్చినప్పుడల్లా ఆలస్యం ఎంతో చెబుతున్నారు. ఎవరూ అడగలేదు.

భోజనాలయ్యాక ఆకులు పంచాను. అందరూ ఆహా అన్నారు. అక్కకీ ఇచ్చాను, ఇవ్వకూడదేమో అని ఒక్క క్షణం ఆగి, ఇచ్చేశాను. తీసుకుంది. తొడిమ గిల్లింది. వాసన చూసింది. "ఇది మా సగంలోది. కాలవ పక్క వరసది" అంది. నోట్లో వేసుకోలేదు. పిన్నిగారికిచ్చేసింది.

రెండేళ్ళుగా అడుగుపెట్టని మనిషికి వరస కూడా గుర్తుందన్నమాట. ఇదే సమయం, అడిగేద్దామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే మాస్టారు — "నలభై నిమిషాలు లేటమ్మా."

ఫిబ్రవరి 6, శుక్రవారం. షిర్డీ

దర్శనం బాగా అయింది. అక్కతో మాట కాలేదు. క్యూలో అడుగుదామనుకున్నాను. సాయి ముందు పొలం గొడవలేంటే అంటుందేమోనని ఊరుకున్నాను.

ఈయన ఫోను. "అడిగావా?"

"మీరు నీళ్ళు పెట్టారా?"

"పెట్టాను."

"మీ పని మీరు చేశారు కదా. నా పని నన్ను చేయనివ్వండి."

పెట్టేశాను. నా పని నేను చేస్తున్నానా? ప్రసాదం సంచీలు మోస్తున్నాను.

ఫిబ్రవరి 7, శనివారం. నాసిక్

గోదావరి చూశాను. ఇదా గోదావరి? చిన్నప్పుడు రైలు రాజమండ్రి బ్రిడ్జి దాటుతుంటే చిల్లర వేయడానికి కిటికీల దగ్గర తోసుకునేవాళ్ళమే, ఆ గోదావరేనా? ఇక్కడ మెట్ల మధ్య కాలవలా పోతోంది. మా ఊరి కాలవ ఇంతకన్నా వెడల్పు.

"పుట్టింటి దగ్గర కదమ్మా, అలాగే ఉంటుంది" అన్నారు మాస్టారు. "అంటే అత్తారింటికొచ్చాక ఒళ్ళు చేసిందన్నమాట, మనలాగా" అన్నాను. అక్క నవ్వింది. పైకి వినబడేలా. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు విని. చేతిలో పల్లీల పొట్లం మొత్తం తన ఒళ్ళో పెట్టేశాను.

రేపు ద్రాక్షతోటలు. రేపు.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఎక్కడ మొదలెట్టాలి... అన్నీ ఒకేసారి వచ్చేస్తున్నాయి. వరసగా రాయాలి.

ఊరు దాటగానే కొండలు. ఒక పక్క ఆనకట్ట నీళ్ళు, గోదావరినే అడ్డం కట్టి నిలిపారట, పొద్దుటి ఎండలో మెరుస్తున్నాయి. ఆ నీళ్ళ నుంచి కొండల దాకా వరసలు, వరసలు, వరసలు. బస్సులో అందరం ఒక పక్కకి వచ్చేశాం. డ్రైవరు హిందీలో కేకలు. మోహనరావు గారు మైకులో — "అమ్మా, బస్సు ఒరిగితే ద్రాక్ష చూడం, ఆస్పత్రి చూస్తాం." ఎవరు విన్నారు.

దిగాం. తోటవాళ్ళ అమ్మాయి, పేరు నేహా, ప్యాంటూ చొక్కా, గొడుగు పట్టుకుని ఎదురొచ్చింది. తను హిందీలో ఒక్క ముక్క చెబితే మోహనరావు గారు తెలుగులో పది చెబుతున్నారు. ఇనుప తీగెలు కట్టి, వాటి మీద ద్రాక్ష పాకించారు. నల్లటి గుత్తులు కింది నుంచి వేలాడుతున్నాయి, చిన్న చిన్న పళ్ళు. ప్రతి వరస మొదట్లో ఒక గులాబీ చెట్టు. తెగులు ముందు గులాబీకి కనబడుతుందట. అంటే గులాబీ కాపలా. నాకు భలే నచ్చింది. మేము అవిసె మొక్కల మీదకి ఆకుతీగ ఎక్కిస్తాం, వీళ్ళు ఇనుప తీగె మీదకి. మేము ఏటా తీగ దించి, చుట్టి, మొదట్లో పాతేస్తాం, మళ్ళీ లేత చిగురు పైకి పాకుతుంది. వీళ్ళు కత్తిరించేస్తారట. మనసెలా ఒప్పుతుందో.

ఇప్పుడు ఆ సంగతి.

నేహా "రండి" అని వరసలోకి నడిచింది. వెనకాలే అక్క. వరస మొదట్లో, గులాబీ చెట్టు దగ్గర, అక్క కాళ్ళు ఆగాయి. చెప్పులు విడిచింది. ఎడమది, కుడిది. పక్కపక్కన పెట్టి లోపలికి నడిచింది.

మా వైపు ఆకుతోటలోకి చెప్పులతో ఎవరూ వెళ్ళరు. లక్ష్మి ఉండే చోటంటారు. పసిపిల్లలైనా గట్టు మీదే విడిచి వెళ్తారు. ఇది ఆలోచించి చేసేది కాదు, తీగ వరస కనబడితే కాళ్ళే చేసేస్తాయి. నా కాళ్ళూ చేసేశాయి. వెనక పిన్నిగారివీ. ఆ వెనక ఎర్రటోపీలన్నీ, ఆకుతోట మొహం చూడనివాళ్ళు కూడా, ముందువాళ్ళు విడిచారు కాబట్టి విడిచేశారు. గులాబీ చెట్టు చుట్టూ చెప్పుల కుప్ప.

నేహా వెనక్కి తిరిగి బిత్తరపోయింది. వద్దు వద్దని చేతులూపుతోంది. మోహనరావు గారు మైకులో — "అమ్మా, ఇది గుడి కాదమ్మా, వేసేసుకోండి."

పిన్నిగారు — "గుడి కాకపోతేనేం బాబూ, తోట కదా."

ఇంతలో పూనా నుంచి వచ్చిన ఇంకో బస్సువాళ్ళు మమ్మల్ని చూశారు. ఇక్కడ ఇదే రూలనుకున్నారు కాబోలు. వాళ్ళూ విప్పడం మొదలెట్టారు. ఒక లావుపాటాయన గట్టు మీద కూర్చుని సాక్సులు కూడా లాగేశాడు.

అయితే మా నేల ఇసుక నేల, చల్లగా ఉంటుంది. ఇక్కడంతా గులకరాళ్ళు, ఎండకి కాలిపోతున్నాయి. మాస్టారు రెండు కాళ్ళూ మార్చి మార్చి గెంతుతున్నారు. పూనా ఆయన మమ్మల్ని చూసి, 'ఏం ఆచారమండీ ఇది' అన్నట్టు దణ్ణం పెట్టాడు. నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే అక్కని చూశాను. అక్క నవ్వడంలేదు. తన పాదాల వంక చూసుకుంటోంది, అవి ఎవరివో అన్నట్టు.

నాకప్పుడు అర్థమైంది. తోట వద్దనుకున్న మనిషి కాళ్ళు కావు ఇవి.

లోపల కొత్తగా నాటిన వరసల్లో ఆడవాళ్ళు లేత కొమ్మల్ని ఇనుప తీగెకి కడుతున్నారు. అక్క చూస్తూ చూస్తూ ఒకావిడ చేతిలోంచి పురికొస ముక్క తీసుకుంది. మన ముడి వేసింది, వదులుగా, లాగితే ఊడేలా, తీగ దించేటప్పుడు నలగకుండా. ఆవిడ చూసింది, తల అడ్డంగా ఊపింది, ముడి విప్పేసి తన ముడి గట్టిగా బిగించింది. అక్క మూతి ముడిచింది. "దానికి ఊపిరాడొద్దూ" అంది నాతో. ఆవిడ మరాఠీలో ఏదో అంది. అదీ తిట్టే అయి ఉంటుంది. ఇద్దరూ నవ్వుకున్నారు. నా సంచిలో మిగిలిన తమలపాకులు ఆవిడకిచ్చాను, వాడిపోయాయి పాపం. కళ్ళకద్దుకుంది.

తిరిగొచ్చేసరికి అక్క చెప్పు ఒకటి లేదు. తోట కుక్క పట్టుకుపోయింది, నీళ్ళ వైపు. ఇద్దరు పనివాళ్ళు పరిగెత్తారు, దొరకలేదు. అందరి చెప్పుల్లో అక్కదే నచ్చింది దానికి. చివరికి నేహా ఎవరివో మగవాళ్ళ హవాయి చెప్పులు తెచ్చిచ్చింది. అక్క వాటిల్లో టపటపమంటూ నడుస్తుంటే పిన్నిగారు — "రాజేశ్వరమ్మా, మగరాయుడిలా ఉన్నావే."

తర్వాత వైను. పొడుగు బల్ల, గాజుగ్లాసులు, గ్లాసులో ఇంతంత. తిప్పాలట, వాసన చూడాలట, పుక్కిలించాలట, ఇష్టం లేకపోతే పక్కనున్న బకెట్లో ఉమ్మేయాలట. "తాగడం తప్పనిసరి కాదండి, తాగనివాళ్ళకి ద్రాక్షరసం ఉందండి" అన్నారు మోహనరావు గారు. ఆడవాళ్ళందరం రసం వైపు. మాస్టారు గ్లాసు తిప్పి తిప్పి చొక్కా మీద పోసుకున్నారు. నేను... రాస్తే రాశానులే, చూసేదెవరు. ఒక్క గుక్క పట్టాను. పులిసిన మామిడిరసంలో ఇనుపముక్క వేసినట్టుంది. పిన్నిగారు నా గ్లాసు వాసన చూసి "తాటికల్లు నయం" అన్నారు. నీకెలా తెలుసు పిన్నీ అంటే "మందుగా వాడాం తల్లీ" అన్నారు.

మనుషులు టిక్కెట్టు కొనుక్కుని మరీ తోట చూడ్డానికి వస్తున్నారు, అక్కా, మనమూ పెడదాం, బాపట్ల బీచికి వచ్చేవాళ్ళు మన తోట చూసి పోతారు, అన్నాను. "మన తోటకి ఎవరొస్తారే, దోమలొస్తాయి" అంది. మన తోట అంది. నేను విన్నాను.

అక్కడితో ఊరుకుంటే ఎంత బావుండేది.

బస్సెక్కాక ఆ గుక్కెడు వైను మహిమో, నా నోటి దురదో. పక్కన కూర్చుని అడిగేశాను. మెల్లగా మొదలెట్టాలని వారం నుంచి అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "పైన చెరువు తవ్విస్తే నా తోట ఉప్పుకి చచ్చిపోద్దక్కా. డబ్బే కావాలంటే నేనిస్తాను కదా, ఆ రొయ్యలాయన కన్నా ఎక్కువే."

అక్క నా వంక చూసింది. "డబ్బా" అంది. అంతే. కిటికీ వైపు తిరిగింది.

ఎంత మంచి రోజు. నా నోటితో నేనే పాడుచేసుకున్నాను.

ఫిబ్రవరి 9, సోమవారం. త్ర్యంబకం

పొద్దున్న టిఫిన్ దగ్గర అక్క వేరే బల్ల మీద కూర్చుంది. పోహా అని అటుకులు పెట్టారు. నాకు దిగలేదు. నేను టిఫిన్ వదిలేయడం పిన్నిగారు మొదటిసారి చూశారు, నుదురు పట్టి చూశారు.

దర్శనం అయ్యాక గుడి వీధిలో అక్క చెప్పులు కొనుక్కుంది. తోలువి, ఎర్రటి దారంతో కుట్టినవి. నడిస్తే కిర్రుకిర్రుమంటున్నాయి. ఎవరూ ఎత్తుకుపోలేరు, మైలు దూరం వినబడతాయి. అందామనుకుని మింగేశాను.

మిగతావాళ్ళు రుద్రాక్షల బేరాల్లో ఉన్నారు. అక్క స్నానాల కుండం మెట్ల మీద కూర్చుంది. దూరంగా కూర్చోబోతే, "ఇటు రావే" అంది.

కూర్చున్నాను. నీళ్ళ వంక చూస్తూ తనే — "డబ్బు కోసం ఇస్తున్నాననుకున్నావు కదూ."

నేను టోపీ కిందికి లాక్కున్నాను.

"ఆయన పడిపోయింది ఆ నాలుగో వరసలోనే కదే. తీగ దించుతూ. నేను క్యారేజీ తీసుకుని వెళ్ళేసరికి... చేతిలో తీగ అలాగే ఉంది." ఆగింది. "రోజూ డాబా మీద బట్టలారేస్తుంటే ఆ వరసే కనబడుద్ది. చెరువు తవ్వితే అంతా నీళ్ళే కదా. ఏ వరస ఎక్కడో తెలీదు. అంతే నాకు కావాల్సింది."

రెండేళ్ళు ఒకే గోడకి అటూ ఇటూ ఉన్నాం. తను డబ్బు లెక్క చూసుకుంటోందని నేననుకున్నాను. నా మొహం మండ. ఏడుపొచ్చింది, ఏడ్చాను, అక్కడే, అందరి ముందూ, ఎర్రటోపీ పెట్టుకుని. అక్క ఏడవలేదు. కొంగిచ్చింది.

కాసేపటికి అడిగింది — "ఆయన పడిన మొక్క దగ్గర తీగ ఎవరు దించుతున్నారు?"

"ఎవరూ దించలేదక్కా. ఈయన ఆ మొక్క దగ్గర చెయ్యి పెట్టరు. తీగ అవిసె చివరికంటా పాకిపోయింది."

అక్క నా వైపు గిరుక్కున తిరిగింది. ఈ రెండేళ్ళలో అంత కోపం ఎప్పుడూ చూడలేదు. "రెండేళ్ళా? తీగ దించకుండా రెండేళ్ళు వదిలేశారా? గాలికి విరిగిపోదూ? ఆకు పనికొస్తుందా అసలు? ఆయనుంటే మీ ఇద్దరికీ తోట గట్టునే తిట్లు పడేవి."

అని లేచి, కిర్రుకిర్రుమంటూ బస్సు వైపు వెళ్ళిపోయింది.

నేను అక్కడే కూర్చుని ఉన్నాను. తిట్టింది. నన్ను తిట్టింది. ఇంత సంతోషం ఎందుకో నాకు.

ఫిబ్రవరి 10, మంగళవారం. రైల్లో

ఈయన ఫోను. "ఏమంది?"

"తీగ దించనందుకు తిట్టింది."

అవతల తువ్వాలు దులిపిన చప్పుడు. "...నేను దించలేనే" అన్నారు.

తెలుసండి, అన్నాను.

చెరువు సంగతి అక్క ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇంక అడగదల్చుకోలేదు. భయం మాత్రం పోలేదు. పిన్నిగారు టోపీలన్నీ పోగేస్తున్నారు, మనవలకిస్తారట. మాస్టారు కూడా ఇచ్చేశారు. అక్క తన టోపీ సంచిలోంచి తీసి చూసి, మళ్ళీ లోపలే పెట్టుకుంది.

ఫిబ్రవరి 11, బుధవారం

ఇల్లు. కాళ్ళు వాచాయి. తోటలో ఒక చుట్టు తిరిగొచ్చాను, నా సగం బాగానే ఉంది. నాలుగో వరస దాకా వెళ్ళి ఆగిపోయాను. పైకి చూస్తే మెడ నొప్పి, అంత ఎత్తుకెళ్ళింది తీగ.

ఎదురింటివాళ్ళకి ఎండుద్రాక్ష, సీతామాలక్ష్మికి ఖాళీ వైను సీసా. మనీప్లాంటు పెట్టుకుంటానంది.

సాయంత్రం చెరువులాయన అక్క ఇంటి ముందు బండి ఆపాడు. అక్క తలనొప్పి, రేపు రండి అని పంపేసింది. రేపు రండి అంటే ఏంటి? రేపు చెబుతాననా, రేపు తవ్వుకోమనా?

ఈయన అన్నం తినలేదు.

ఫిబ్రవరి 12, గురువారం

తోట గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. టూరు సంచి ఇంకా ఖాళీ చేయలేదు, డైరీ అందులోనే ఉంది, సంచి భుజానే ఉంది. ఏం తోచక రాస్తున్నాను. ఒళ్ళో పెట్టుకుని రాస్తుంటే అక్షరాలు వంకరపోతున్నాయి.

పొద్దున్నే ఈయన లేపారు. రోడ్డు మీద పొక్లెయిన్ వచ్చి ఆగిందని. చూస్తే నిజమే, పసుపు రంగుది, తొండం పైకెత్తుకుని. డ్రైవరు దాని నీడలో కూర్చుని టీ తాగుతున్నాడు. అక్క ఇంటికి పరిగెత్తాను. తలుపు గొళ్ళెం పెట్టి ఉంది, అక్క లేదు. డాబా మీద లేదు. చెరువులాయన ఇంటికే వెళ్ళిందేమో అనుకున్నాను. జుట్టు ముడేసుకోకుండా ఇటొచ్చాను.

తోట గట్టు మీద చెప్పులు. తోలువి, ఎర్రదారంతో కుట్టినవి. ఎడమది, కుడిది, పక్కపక్కన.

లోపల నాలుగో వరస దగ్గర అవిసె కొమ్మలు కదులుతున్నాయి. మనిషి కనబడదు, ఆకు గుబురుగా ఉంది. పిలుద్దామని నోరు తెరిచి మూసేశాను. నా నోరు ఇంతవరకు చేసింది చాలు. దించుతోందో, ఊరికే పట్టుకుని నిలబడిందో, ఆఖరిసారి చూసుకుని వస్తుందో... ఇక్కడి నుంచి ఎలా తెలుస్తుంది. నా చెప్పులు కూడా విడిచాను, లోపలికి మాత్రం వెళ్ళలేదు. ఈయన కాలవ అవతల నిలబడ్డారు. ఇటు రారు, ఇంటికీ పోరు. తువ్వాలు రెండు చేతులతో పట్టుకున్నారు.

ఊరకుక్క ఒకటి గట్టెక్కి వచ్చింది. మట్టిబెడ్డ తీసి తరిమాను. ఇవి కొత్తవి. ఈ చెప్పులు పోనివ్వను.

చెరువులాయన ఇప్పుడే వచ్చాడు. తళతళలాడే బూట్లు. "అమ్మగారు ఏమన్నారండి?" అన్నాడు.

"లోపలున్నారు, వెళ్ళి అడగండి" అన్నాను. "చెప్పులు విడిచి వెళ్ళాలండి."

ఆయన బూట్ల వంక చూసుకున్నాడు. లేసుల వంక చూశాడు. బురద వంక చూశాడు. "వస్తారుగా, ఆగుతానులెండి" అన్నాడు.

ఆగండి, అన్నాను. నేనూ ఆగుతున్నాను.

కొమ్మలు ఇంకా కదులుతున్నాయి. అక్క ఇంకా బయటికి రాలేదు.